స్టాక్‌హోమ్‌లో ఒంటరిగా నాలుగు రోజులు: నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

సెప్టెంబర్ మొదట్లో ఒక్కదాన్నే స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ వెళ్లి నాలుగు రోజులు తీరిగ్గా తిరిగొచ్చాను. అప్పటి నుంచి పిన్ని కూతురు, ఆఫీసులో పక్క సీటు అమ్మాయి, ఎప్పుడో ఇంజినీరింగ్‌లో నాతో చదివినవాళ్లు, అందరూ అవే డౌట్లు అడుగుతున్నారు. ప్రతి ఒక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక అయిపోయింది కాబట్టి అన్నీ ఒకచోట రాసేస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## టికెట్ కొనే ముందు

ఒక్కదానివే నాలుగు రోజులు ఏం చేశావు, బోర్ కొట్టలేదా?

లేదు. ఈ ఊరు పద్నాలుగు దీవుల మీద ఉంది. ఒకవైపు మేలారెన్ అనే మంచినీటి సరస్సు, ఇంకోవైపు బాల్టిక్ సముద్రం, రెండూ ఊరి మధ్యలో కలుస్తాయి. పది నిమిషాలు ఎటు నడిచినా నీళ్లే, నీళ్ల పక్కన బెంచీ ఉంటుంది, ఆ బెంచీ మీద ఒక్కరే కూర్చుని కాఫీ తాగే మనిషి ఉంటాడు. ఒంటరిగా తినడం, తిరగడం అక్కడ ఎవరికీ వింతగా కనిపించదు. మన దగ్గర హోటల్‌కి ఒక్కళ్లమే వెళ్తే "ఇంకా ఎవరైనా వస్తారా మేడమ్" అని సర్వర్ మూడుసార్లు అడుగుతాడు చూడండి, ఆ బాధ లేదు. కాకపోతే రోజుకు పది ప్రదేశాలు చూసి టిక్కులు పెట్టుకుంటేనే తృప్తిగా ఉండే మనిషైతే రెండో రోజుకే "ఇంతేనా" అనిపిస్తుంది. ఊరి తప్పు కాదది.

అంత దూరం వెళ్లి ఒక్క ఊరేనా, కోపెన్‌హాగన్, ఓస్లో కూడా కలిపేసుకోవచ్చు కదా?

కలుపుకోవచ్చు. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఒక్కటే సరిపోతుంది, రెండిటికీ స్టాక్‌హోమ్ నుంచి రైళ్లున్నాయి, దేనికైనా అయిదారు గంటలు అనుకోండి. కానీ నాలుగు రోజుల్లో మూడు రాజధానులంటే సూట్‌కేసుకి ఊరు చూపించి వచ్చినట్టే. పది రోజులుంటే చేయండి.

ఏ నెలలో వెళ్లాలి? చలికి తట్టుకోగలమా?

మే చివరి నుంచి సెప్టెంబర్ మధ్య దాకా హాయిగా ఉంటుంది. జూన్‌లో పగలు పద్దెనిమిది గంటలకు పైనే, రాత్రి పదకొండుకి కూడా ఆకాశం పూర్తిగా నల్లబడదు, కాబట్టి కళ్లకు కట్టుకునే గంతలు తీసుకెళ్లండి. డిసెంబర్‌లో దీనికి పూర్తిగా రివర్స్: ఆరు గంటల వెలుతురు, మధ్యాహ్నం మూడు కాకముందే సూర్యుడు దిగిపోతాడు. క్రిస్మస్ దీపాలు బాగుంటాయి, కానీ మొదటిసారి, అదీ ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఆ చీకటి మనసు మీద పడుతుంది.

జూన్ 19 నుంచి 25 మధ్య వచ్చే శుక్రవారం మిడ్‌సమ్మర్. పండగ కదా బాగుంటుందని ఆ రోజుకి టికెట్ కొనుక్కోకండి. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఊరంతా పల్లెలకి వెళ్లిపోతుంది, చాలా షాపులకి తాళాలే. పండగ వేడుక చూడాలని పట్టుదలగా ఉంటే స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియంలో చేస్తారు.

సెప్టెంబర్‌లో నాకు పగలు పదిహేను డిగ్రీల చుట్టుపక్కల ఉంది. ఒక స్వెటర్, దాని మీద గాలీ వానా ఆపే జాకెట్ వేసుకుంటే సరిపోయింది. గొడుగు కంటే టోపీ ఉన్న జాకెట్టే మేలు, నీళ్ల పక్కన గాలికి గొడుగు నిలవదు.

వీసాకి ఒంటరి ప్రయాణం అంటే ఇబ్బంది పెడతారా?

ఒంటరి అన్నంత మాత్రాన ఇబ్బంది లేదు. షెంగెన్ షార్ట్ స్టే వీసా, పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, సర్వీస్ ఛార్జీ అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, పదిహేను రోజుల లోపు మిగిలిందంటే లేటైనట్టే. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. పాస్‌పోర్ట్ మీరు తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలైనా చెల్లాలి.

వాళ్లకి కావలసిందల్లా మీరు తిరిగొస్తారన్న నమ్మకం. ఉద్యోగం, లీవ్ లెటర్, బ్యాంక్ స్టేట్‌మెంట్, హోటల్ బుకింగ్, రోజువారీ ప్లాన్, ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. బుకింగ్‌లో నాలుగు రాత్రులు, కవరింగ్ లెటర్‌లో అయిదు రాత్రులు అని ఉంటే అక్కడే దొరికిపోతారు. అప్లై చేసే ముందురోజు రాత్రి అకౌంట్‌లో ఎవరి చేతైనా లక్షలు వేయించుకోవడం లాంటి తెలివితేటలు వద్దు.

ఎంత ఖర్చవుతుంది? స్వీడన్ బాగా ఖరీదట కదా?

ఖరీదే. కరెన్సీ యూరో కాదు, స్వీడిష్ క్రోనా, నేను వెళ్లినప్పుడు ఒక్కోటి తొమ్మిది రూపాయల చుట్టుపక్కల. కాఫీ, బన్నుకి 80 నుంచి 100 క్రోనాలు, మామూలు మధ్యాహ్నం భోజనానికి 130 నుంచి 150. ప్రతిదాన్నీ తొమ్మిదితో గుణించుకుంటూ కూర్చుంటే నీళ్లు కూడా గొంతు దిగవు. నీళ్లు మాత్రం ఉచితం లెండి, కుళాయి నీళ్లే తాగుతారు, బాటిల్ ఒకటి తీసుకెళ్తే చాలు. ఎక్కువ తినేది గది అద్దె. మిగతాది మన చేతుల్లో ఉంటుంది: మధ్యాహ్నం బయట బాగా తిని, రాత్రికి సూపర్‌మార్కెట్ సరుకుతో కానిచ్చేస్తే సగం భారం తగ్గుతుంది.

గది ఎక్కడ తీసుకోవాలి?

సోడర్‌మాల్మ్ అని చెప్తాను. దక్షిణాన ఉన్న పెద్ద దీవి, కెఫేలు, పాత షాపులు, కొండ మీది నుంచి ఊరంతా కనిపించే చోట్లు, అన్నీ నడక దూరంలోనే. పాత ఊరు గామ్లా స్తాన్‌లో ఉండాలని చాలామందికి కోరిక, ఫొటోల్లో అంత బాగుంటుంది మరి. కానీ వీధులన్నీ గుండ్రాళ్ల పరుపు, చక్రాల సూట్‌కేస్ లాగుతుంటే వీధి వీధంతా తిరిగి చూస్తుంది. నా సూట్‌కేస్ చక్రం ఒకటి అక్కడే ఊడింది.

రెండు జాగ్రత్తలు. చౌక హోటళ్లలో కిటికీ లేని గదులు ఉంటాయి, బుక్ చేసేటప్పుడు వివరాలు పూర్తిగా చదవండి. హాస్టళ్లలో దుప్పటి, తువ్వాలుకి విడిగా డబ్బులు తీసుకోవడం మామూలే. కాస్త సరదాగా ఉండాలనుకుంటే షెప్స్‌హోల్మెన్ దీవి ఒడ్డున కట్టేసి ఉన్న ఆఫ్ చాప్‌మన్ అనే తెరచాప ఓడ ఉంది, 1888 నాటిది, చాలా ఏళ్లుగా హాస్టల్‌గా నడుస్తోంది.

## దిగిన రోజు

ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి ఎలా వెళ్లాలి?

ఆర్లాండా ఎయిర్‌పోర్ట్ ఊరికి ఉత్తరంగా దాదాపు 40 కిలోమీటర్లు. ఆర్లాండా ఎక్స్‌ప్రెస్ రైలైతే 18 నిమిషాల్లో సెంట్రల్ స్టేషన్‌లో దింపేస్తుంది, ఖరీదు ఎక్కువ. ఎయిర్‌పోర్ట్ బస్సుకి ముప్పావుగంట పడుతుంది, రైలు కంటే చౌక. అన్నిటికన్నా చౌక దారి 583 నంబర్ సిటీ బస్సు ఎక్కి మేర్‌స్టాలో దిగి అక్కడి నుంచి లోకల్ రైలు పట్టుకోవడం. లోకల్ రైళ్లలో ఒకటి ఎయిర్‌పోర్ట్ కిందికి కూడా వస్తుంది, కానీ ఆ స్టేషన్ దాటడానికి విడిగా రుసుం కట్టాలి, చాలామందికి ఇక్కడే దెబ్బ పడుతుంది.

టాక్సీ తప్పదనుకుంటే ఒక సంగతి: స్వీడన్‌లో టాక్సీ రేట్లు ప్రభుత్వం నిర్ణయించదు, ఎవరి రేటు వాళ్లదే. కారు అద్దం మీద అతికించిన చీటీలో, ఒక టాక్సీ రేటుని ఇంకోదానితో పోల్చుకోవడానికి వేసే ధర ఉంటుంది, అది చూడకుండా ఎక్కకండి.

హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ ఉందా?

లేదు. దోహా, దుబాయ్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట మారాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారితే ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, దానికి లైను ఉంటుంది కాబట్టి గంట గ్యాప్ ఉన్న కనెక్షన్ చౌకగా దొరికిందని ఎగిరి గంతేయకండి.

డబ్బులు మార్చుకుని వెళ్లాలా?

వద్దు. నాలుగు రోజుల్లో నేను ఒక్క స్వీడిష్ నోటు కూడా ముట్టుకోలేదు. బన్ను దగ్గర నుంచి పబ్లిక్ టాయిలెట్ దాకా కార్డే, "నగదు తీసుకోం" అని బోర్డులు కూడా పెట్టేస్తారు. రెండు వేర్వేరు కార్డులు పట్టుకెళ్లండి, ఒకటి పర్సులో, ఒకటి గదిలో. బయల్దేరే ముందు బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం, ట్యాప్ చేసి కట్టడం రెండూ ఆన్ చేసుకోండి. ఇది మర్చిపోయి మెట్రో గేటు దగ్గర నిలబడి ఓటీపీ కోసం ఎదురుచూసిన మనిషిని నేనే.

సిమ్, ప్లగ్గు?

ఇక్కడే ఈ-సిమ్ కొనుక్కుని వెళ్లడం సుఖం. అక్కడ ప్రీపెయిడ్ సిమ్‌కి 2022 నుంచి గుర్తింపు నమోదు తప్పనిసరి చేశారు. మన రెండు పిన్నుల ఛార్జర్ చాలావరకు పట్టేస్తుంది, మూడు పిన్నులదైతే అడాప్టర్ కావాలి.

## తిరిగేటప్పుడు

ట్రావెల్ పాస్ కొనాలా, ఎప్పటికప్పుడు టికెట్ తీసుకోవాలా?

లెక్క చెప్తాను. 2025 ధరల ప్రకారం ఒక టికెట్ 43 క్రోనాలు, 75 నిమిషాలు చెల్లుతుంది, ఆ లోపు మెట్రో, బస్సు, ట్రామ్ ఎన్ని మారినా అదే. 72 గంటల పాస్ 360, ఏడు రోజుల పాస్ 470. నాలుగు రోజులు ఉండేవాళ్లకి ఏడు రోజుల పాసే తెలివైన పని, అదీ రోజుకు మూడుసార్లయినా ఎక్కితేనే. గది ఊరి మధ్యలో ఉండి నడక ఇష్టమైతే పాస్ అక్కర్లేదు, గేటు దగ్గర బ్యాంక్ కార్డు ట్యాప్ చేస్తే చాలు. స్లుస్సెన్ రేవు నుంచి యూర్‌గోర్డెన్ దీవికి వెళ్లే 82 నంబర్ పడవ కూడా ఇదే టికెట్‌లో వస్తుంది. టూరిస్టు పడవకి డబ్బులు పోసే ముందు దీన్ని ఒకసారి ఎక్కండి.

నాలుగు రోజుల ప్లాన్ గంటలతో సహా రాసిస్తారా?

గంటలతో రాయను. రోజుకి ఒక దీవి, ఒక పెద్ద పని, మిగతాదంతా కాళ్లు ఎటు తీసుకెళ్తే అటు. నేను చేసింది ఇదీ.

మొదటి రోజు గామ్లా స్తాన్. పొద్దున ఎనిమిదికే వెళ్లాను, గుంపులు రాకముందే. స్తూర్‌తోర్యెట్ చౌరస్తాలో రంగురంగుల ఇళ్ల ముందు అందరూ నవ్వుతూ ఫొటోలు దిగుతారు కానీ 1520లో డెన్మార్క్ రాజు ఎనభై మందికి పైగా స్వీడన్ పెద్దల తలలు నరికించింది అక్కడే. దగ్గర్లోనే మోర్టెన్ త్రోత్సిగ్ సందు ఉంది, ఇరుకైన చోట వెడల్పు 90 సెంటీమీటర్లు. ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు వెనక్కి తగ్గాల్సిందే.

రెండో రోజు యూర్‌గోర్డెన్. వాసా మ్యూజియం చూసి, స్కాన్సెన్‌లో మధ్యాహ్నమంతా గడిపాను. 1891లో మొదలైన ఆరుబయలు మ్యూజియం అది, దేశం నలుమూలల నుంచి పాత ఇళ్లు విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. తర్వాత రోసెన్‌దాల్ తోటలో గ్లాస్‌హౌస్ కెఫేలో ఆపిల్ చెట్ల కింద రెండు గంటలు ఏమీ చేయలేదు. నిజంగా ఏమీ చేయలేదు, ఫోన్ కూడా తీయలేదు, మొత్తం ప్రయాణంలో నాకు బాగా గుర్తున్నది అదే.

మూడో రోజు పడవ మీద వాక్స్‌హోల్మ్ దీవి. నాలుగో రోజు వాన. పొద్దున మెట్రో స్టేషన్లు, సాయంత్రం వాన తెరిపిచ్చాక సోడర్‌మాల్మ్‌లో మోంటేలియుస్‌వేగెన్ అనే కొండ అంచు నడకదారి. సూర్యాస్తమయానికి గంట ముందు అక్కడికి చేరండి, ఎదురుగా సరస్సు, సిటీ హాల్ బురుజు, పాత ఊరు అన్నీ ఒకే చూపులో పడతాయి.

వాసా మ్యూజియం అంటే ఒక పాత ఓడే కదా, దానికి అంత టికెట్టా?

నేనూ అలాగే అనుకున్నాను. లోపలికి అడుగుపెట్టాక నోట మాట రాలేదు. 69 మీటర్ల చెక్క ఓడ, 64 ఫిరంగులు, ఒళ్లంతా చెక్కిన బొమ్మలు. 1628 ఆగస్టు 10న మొదటి ప్రయాణానికి బయల్దేరి, ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుండగానే, 1,300 మీటర్లు వెళ్లి మునిగిపోయింది. పైభాగం బరువెక్కువ, కింద నిలబెట్టే బరువు తక్కువ. అంతకుముందే ముప్పై మంది నావికుల్ని డెక్ మీద అటూ ఇటూ పరుగెత్తించి పరీక్ష చేస్తే ఓడ ఊగిపోయిందట, పరీక్ష ఆపేశారు గానీ ప్రయాణం ఆపలేదు, ఎందుకంటే రాజుగారికి తొందర. విచారణ జరిగింది, శిక్ష ఎవరికీ పడలేదు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లకి ఈ కథ ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

బాల్టిక్‌లో ఉప్పు తక్కువ, చెక్కను తొలిచే పురుగు అక్కడ బతకదు, అందుకే 333 ఏళ్లు నీళ్లలో ఉండి కూడా 1961లో దాదాపు నిండుగా పైకి తీయగలిగారు. కనీసం రెండు గంటలు పెట్టుకోండి. లోపల చెక్క కోసం చల్లగా ఉంచుతారు, జాకెట్ వదిలేయకండి.

మెట్రో స్టేషన్లు చూడ్డానికి వెళ్తారా ఎవరైనా?

వెళ్తారు. వంద స్టేషన్లలో తొంభైకి పైగా బొమ్మలు, శిల్పాలు ఉన్నాయి. నీలం లైన్ స్టేషన్లు కొండను తొలిచి, రాయిని అలాగే వదిలేసి రంగులేశారు, గుహలోకి దిగినట్టుంటుంది. సోల్నా సెంట్రుమ్‌లో పైకప్పంతా ఎర్రటి ఆకాశం, గోడల పొడవునా పచ్చటి అడవి. మెట్రో ప్రధాన స్టేషన్ టి-సెంట్రాలెన్‌లో నీలం రంగు ఆకుల తీగల బొమ్మల మధ్య ఆ స్టేషన్ కట్టిన కూలీల, వెల్డర్ల నీడబొమ్మలు ఉన్నాయి, అవి చూడకుండా పరుగెత్తకండి. రోడ్‌హూసెట్, కుంగ్స్‌ట్రేడ్‌గోర్డెన్, స్టాడియన్ కూడా కలిపితే రెండు గంటల పని. వాన రోజుకి దాచుకోండి.

నోబెల్ బహుమతి ఇచ్చే చోటు చూడొచ్చా?

బహుమతులు ఇచ్చేది సంగీత కచేరీల హాల్లో, డిసెంబర్ 10 రాత్రి విందు జరిగేది సిటీ హాల్లో. సిటీ హాల్ లోపలికి గైడ్‌తోనే వెళ్లాలి. విందు జరిగే బ్లూ హాల్‌లో నీలం వెతక్కండి, కట్టినాయనకి ఎర్రటి ఇటుకే నచ్చేసి రంగు వేయకుండా వదిలేశాడు, పేరు మాత్రం ఉండిపోయింది. సర్ సి.వి. రామన్ 1930లో బహుమతి అందుకున్నది ఈ ఊళ్లోనే. గామ్లా స్తాన్‌లోని నోబెల్ మ్యూజియానికి అమర్త్యసేన్ తన పాత సైకిల్ ఇచ్చారు. అక్కడి కెఫేలో కుర్చీలు తిరగేసి చూడండి, అడుగున బహుమతి గ్రహీతల సంతకాలుంటాయి.

దీవులకి వెళ్లాలంటే టూర్ బుక్ చేసుకోవాలా?

అక్కర్లేదు. స్టాక్‌హోమ్ బయట సముద్రంలో దాదాపు 30,000 దీవులూ రాళ్లగుట్టలూ ఉన్నాయి, పడవలు బస్సుల్లాగే తిరుగుతాయి. ఒక్క పూటకైతే వాక్స్‌హోల్మ్ చాలు: స్ట్రోమ్‌కాయెన్ రేవులో పడవ ఎక్కితే గంట ప్రయాణం, చెక్క ఇళ్లు, ఒక కోట, ఒడ్డున కెఫేలు. వెళ్లేటప్పుడు పడవలో వెళ్లి, వచ్చేటప్పుడు 670 నంబర్ సిటీ బస్సు ఎక్కండి, డబ్బు కలిసొస్తుంది.

## తిండీ తిప్పలూ

శాకాహారులకి ఏమైనా దొరుకుతుందా? బీఫ్ తినని వాళ్లకో?

దొరుకుతుంది, ఇక్కడ మనం భయపడినంత లేదు. మెనూలో వెజెటారిస్క్, వేగాన్స్క్ అని రాసి ఉంటుంది, ఇంగ్లిష్‌లో అడిగితే ఓపిగ్గా చెప్తారు. ఫలాఫెల్ కొట్లు వీధికొకటి. బీఫ్, పంది మాంసం తినని వాళ్లు ఇక్కడ బాగా పేరుమోసిన స్వీడిష్ మీట్‌బాల్స్‌తో జాగ్రత్త, మామూలుగా రెండూ కలిపి చేస్తారు.

వారం రోజుల్లో, అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా, పదకొండు నుంచి రెండు గంటల మధ్య "డాగెన్స్ లంచ్" అని ఉంటుంది. ఒకే ధరకి వంటకం, సలాడ్, బ్రెడ్, కాఫీ. ఆఫీసులవాళ్లంతా తినేది అదే.

ఇక పెరుగన్నం లేకపోతే నిద్రపట్టని జాతి మనది కాబట్టి: సూపర్‌మార్కెట్‌లో టర్కిష్ యోగర్ట్ అని పది శాతం వెన్న ఉన్నది దొరుకుతుంది, మన గేదె పెరుగుకి అదే దగ్గర చుట్టం. రెండు నిమిషాల్లో వేడయ్యే అన్నం ప్యాకెట్, ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ, ఇంకేం కావాలి.

ఫికా, ఫికా అంటారు, కాఫీ తాగడమే కదా?

కాఫీ తాగడానికి పని ఆపి కూర్చోవడం. చేతిలో కప్పు పట్టుకుని నడిస్తే అది ఫికా కాదు. దాల్చినచెక్క బన్ను అందరూ చెప్తారు, మీరు యాలకుల బన్ను అడగండి, పేరు కార్డెముమ్మబుల్లె. కొట్టు తలుపు తీయగానే పాయసం వాసన వచ్చింది నాకు, అంత చలి దేశంలో. స్వీడన్ వాళ్లు మనకేం తీసిపోకుండా యాలకులు దంచిపోస్తారు.

టాయిలెట్లలో నీళ్లు ఉంటాయా?

ఎవరూ గట్టిగా అడగరు గానీ అందరూ చెవిలో అడిగే ప్రశ్న ఇది. దాదాపు ఎక్కడా ఉండవు, పేపరే. చిన్న బాటిల్ బ్యాగులో పెట్టుకోండి. బయట టాయిలెట్‌కి డబ్బులు కట్టాలి, కాబట్టి మ్యూజియంలో, కెఫేలో ఉన్నప్పుడే పని కానిచ్చుకోండి.

బీరు, వైను ఎక్కడ దొరుకుతాయి?

బార్లు, రెస్టారెంట్ల సంగతి పక్కన పెడితే, గదికి కొనుక్కెళ్లడానికి ఆల్కహాల్ 3.5 శాతం దాటినవి మామూలుగా సిస్టెమ్‌బోలాగెట్ అనే ప్రభుత్వ దుకాణంలోనే, ఇరవై ఏళ్లు నిండినవాళ్లకే. శనివారం మధ్యాహ్నానికే మూసేస్తారు, ఆదివారం తెరవరు.

## ఒంటరిగా ఉన్నప్పుడు

ఆడవాళ్లు ఒక్కళ్లే రాత్రి తిరగొచ్చా?

నేను రాత్రి పదకొండుకి మెట్రోలో, వీధుల్లో నడిచాను, ఎవరూ తేరిపార చూడను కూడా చూడలేదు. గ్యాంగుల కాల్పుల వార్తలు నిజమే, అవి ఎక్కువగా శివారు కాలనీల గొడవలు. మనం జాగ్రత్తగా ఉండాల్సింది జేబుదొంగలతో, టి-సెంట్రాలెన్‌లో, గామ్లా స్తాన్‌లో. ఇంకొకటి సైకిళ్లు: ఫొటో కోసం సైకిల్ దారిలో నిలబడితే గంట మోగిస్తూ మీద మీదకే వస్తారు, తప్పు మనదే. ఏదైనా అత్యవసరమైతే 112, ఒంట్లో బాగాలేక సలహా కావాలంటే 1177.

వాళ్లు అసలు మాట్లాడరట, నిజమేనా?

మీరు అడిగితే చక్కటి ఇంగ్లిష్‌లో దారి చెప్పి, మ్యాప్ తెరిచి చూపించి, వెంటనే మళ్లీ తమ లోకంలోకి వెళ్లిపోతారు. బస్టాపులో మనిషికీ మనిషికీ మధ్య ఇంకో ఇద్దరు పట్టేంత ఖాళీ వదులుతారు. దాన్ని పొగరు అనుకోకండి. "హేయ్" అంటే నమస్కారం, "తాక్" అంటే థ్యాంక్స్, ఈ రెండు మాటలతో నాలుగు రోజులు గడిచిపోయాయి.

మందుల షాపుల్లో, కొన్ని కౌంటర్ల దగ్గర లైను కనిపించదు, తలుపు పక్కన చిన్న మిషన్‌లో నంబర్ చీటీ తీసుకోవాలి. నేను చీటీ తీసుకోకుండా జలుబు మాత్రల కోసం పావుగంట నిలబడ్డాను. నా తర్వాత వచ్చినవాళ్లంతా కొనుక్కుని వెళ్లిపోతున్నారు, ఒక్కరూ చెప్పలేదు! చివరికి ఒక ముసలావిడ నా చేయి మెల్లగా తట్టి మిషన్ వైపు చూపించింది.

తెలుగువాళ్లు కనిపిస్తారా?

కిస్టా వైపు వెళ్తే కనిపిస్తారు. ఎరిక్సన్ హెడ్డాఫీసు ఉన్న ఐటీ ప్రాంతం అది, స్వీడిష్ వాళ్లు షిస్టా అని పలుకుతారు, మనవాళ్లు రాసినట్టే కిస్టా అంటారు. మెట్రోలో వెనక సీట్లోంచి "ఒరేయ్, పాలు తెచ్చావా" అని వినిపించి ఉలిక్కిపడ్డాను. పలకరించాను, ఆయనది గుంటూరు, నేను దిగాల్సిన స్టేషన్ రెండు స్టాపుల వెనక్కి వెళ్లిపోయింది.

వచ్చేటప్పుడు ఏం తేవాలి?

దలా గుర్రం, రంగులేసిన చెక్క బొమ్మ. చిన్నది తీసుకోండి, పెద్దవి బాగా ఖరీదు. అమ్మకైతే నేను యాలకుల బన్నులు నాలుగు కట్టించుకొచ్చాను, ఇంటికి చేరేసరికి రాయిలా అయ్యాయి, పాలలో ముంచుకుని తినేసింది.